వినయము, గర్వము (క్రైస్తవ మతం)

క్రైస్తవ మతంలో వినయము అనగా మనిషి దేవుని ఎదుట తన స్థితిని ఉన్నది ఉన్నట్లుగా గుర్తించి, తోటివారికంటె తాను గొప్పవాడననే భావాన్ని విడిచి, వారికి సేవ చేయడానికి సిద్ధపడే గుణం. దీనికి వ్యతిరేకమైనది గర్వము. క్రైస్తవ వేదాంతులలో అనేకులు గర్వాన్ని పాపాలన్నింటికీ మూలంగాను, వినయాన్ని సద్గుణాలకు పునాదిగాను పరిగణించారు. ఇతర పాపాలు మనిషిలోని బలహీనతను ఆశ్రయించగా, గర్వం అతనిలోని మంచిని, అనగా జ్ఞానాన్ని, భక్తిని, సేవను ఆశ్రయించి పెరుగుతుందని, అందువల్లనే అది మిక్కిలి ప్రమాదకరమైనదని వీరి అభిప్రాయం.

తెలుగునాట ఈ విషయం కేవలం వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించినదిగా మిగిలిపోలేదు. కులాన్ని బట్టి మనుషుల హెచ్చుతగ్గులను నిర్ణయించే సమాజంలో వినయం ఎవరు చూపాలి, ఎవరి ఎదుట చూపాలి అనే ప్రశ్న క్రైస్తవ సంఘాల ముందు మొదటినుండి ఉన్నది. ఒంగోలు ప్రాంతంలో 19వ శతాబ్దంలో జరిగిన సంఘటనలు ఇందుకు ప్రధాన ఉదాహరణ.

పదాలు - అర్థాలు

తెలుగు బైబిలులో ఈ గుణానికి వినయము, దీనత్వము, దీనమనస్సు, సాత్వికము అనే పదాలు, దాని వ్యతిరేక గుణానికి గర్వము, అహంకారము, అతిశయము అనే పదాలు కనిపిస్తాయి. వాడుక భాషలో "దీనుడు" అంటే జాలిపడదగినవాడు, దిక్కులేనివాడు అనే అర్థం ఉన్నది. బైబిలు పరిభాషలో మాత్రం ఈ పదం స్వచ్ఛందంగా తన్ను తాను తగ్గించుకొనే మనసును కూడా సూచిస్తుంది. ఈ రెండు అర్థాల మధ్య తేడాను గమనించకపోతే, దుస్థితిలో ఉండడమే ఒక సుగుణమనే పొరపాటు అభిప్రాయం కలుగవచ్చును.

ఇటువంటి చిక్కు మూలభాషలలోను ఉన్నది. హీబ్రూ భాషలో వినయశీలికి వాడే "అనావ్", బాధితునికి, బీదవానికి వాడే "అనీ" అనే పదాలు దగ్గరి సంబంధం గలవి. క్రొత్త నిబంధనలో దీనమనస్సుకు వాడిన గ్రీకు పదం "తపెయినోఫ్రోసునే". ఇందులోని మొదటి భాగానికి ఆనాటి గ్రీకు సమాజంలో నీచమైన, బానిసకు తగిన అనే చులకన అర్థం ఉండేది. దానిని గౌరవించదగిన గుణంగా మార్చడం తొలి క్రైస్తవుల రచనలలోని ఒక ముఖ్యమైన మార్పు. లాటిన్ పదమైన "హుమిలితాస్", నేల అనే అర్థం గల "హుముస్" నుండి వచ్చినది.

అతిశయము అనే పదానికి తెలుగు బైబిలులో ప్రత్యేకమైన వాడుక కలదు. పౌలు తన పత్రికలలో అతిశయాన్ని పూర్తిగా నిషేధించలేదు. తన విషయంలో గాక దేవుని విషయంలో అతిశయించాలని చెప్పాడు.

బైబిలులో

పాత నిబంధన

పాత నిబంధనలో గర్వం కారణంగా పతనమైన వ్యక్తుల, జనుల వృత్తాంతాలు అనేకం. ఆదికాండము 11వ అధ్యాయంలో తమకు పేరు సంపాదించుకోవాలని ఆకాశాన్నంటే గోపురాన్ని కట్టబూనిన బాబెలు ప్రజలు చెదరిపోతారు. దానియేలు గ్రంథం 4వ అధ్యాయంలో బబులోను రాజు నెబుకద్నెజరు తన నగర వైభవాన్ని చూచి ఇదంతా తన బలమేనని భావించిన వెంటనే బుద్ధి కోల్పోయి, పశువువలె గడ్డి మేసే స్థితికి చేరతాడు. నాశనానికి ముందు గర్వం నడుస్తుందనే భావం సామెతలు 16:18లో ఉన్నది. సంఖ్యాకాండము 12:3 మోషేను తన కాలపు మనుషులందరిలో మిక్కిలి సాత్వికునిగా వర్ణిస్తుంది. అదే మోషే ఫరో ఎదుట నిలిచి తన ప్రజల విడుదల కోసం పట్టుబట్టినవాడు కూడా. కాబట్టి బైబిలు దృష్టిలో సాత్వికత పిరికితనం కాదని వ్యాఖ్యాతలు చెబుతారు.

సమూయేలు రెండవ గ్రంథం 24వ అధ్యాయంలో దావీదు తన ప్రజలను లెక్కించిన తరువాత దేశానికి తెగులు వస్తుంది. సంఖ్యను చూచుకొని బలమనుకోవడం కూడా గర్వంలో ఒక రకమని ఈ కథకు సాధారణంగా చెప్పే భాష్యం.

క్రొత్త నిబంధన

సువార్తలలో యేసు బోధించిన ఉపమానాలలో రెండు నేరుగా ఈ విషయానికి సంబంధించినవి. లూకా 14:7-11లో విందుకు వచ్చినవారు ముందు వరుస స్థానాలను ఏరుకోవడాన్ని గూర్చిన ఉపమానం ఉన్నది. లూకా 18:9-14లో ఆలయానికి ప్రార్థన చేయడానికి వెళ్లిన పరిసయ్యుడు, సుంకరి కనిపిస్తారు. పరిసయ్యుడు చెప్పుకొన్న ఉపవాసాలు, దశమభాగాలు అబద్ధాలని ఆ కథ చెప్పదు. తన సత్క్రియలను పక్కనున్నవాని దోషాలతో పోల్చుకోవడమే అతని తప్పు.

యోహాను 13వ అధ్యాయంలో యేసు తన శిష్యుల పాదాలు కడుగుతాడు. ఆనాటి సమాజంలో ఇది ఇంటి సేవకులు చేసే పని. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక 2:5-11 ప్రకారం క్రీస్తు దేవునితో తనకు గల సమానత్వాన్ని పట్టుకొని ఉండక, దాసుని రూపాన్ని ధరించి, సిలువ మరణం వరకు తగ్గించుకొన్నాడు. ఈ రెండు భాగాలలోను పైనున్నవాడే క్రిందికి దిగివస్తాడు. క్రింద ఉన్నవానిని ఇంకా క్రిందికి దిగమని అడగడం కనిపించదు.

పత్రికలలో గర్వాన్ని సంఘ జీవితానికి సంబంధించిన ప్రమాదంగా పేర్కొన్నారు. ఆరాధనకు వచ్చిన ధనికునికి మంచి ఆసనం, బీదవానికి నేల చూపడాన్ని యాకోబు పత్రిక 2వ అధ్యాయం ఖండిస్తుంది. ప్రభువు భోజనంలో కొందరు కడుపునిండా తిని, లేనివారిని సిగ్గుపరచడాన్ని 1 కొరింథీయులకు 11వ అధ్యాయం తప్పుపడుతుంది. కొత్తగా విశ్వాసంలో చేరినవానికి వెంటనే అధ్యక్ష పదవి ఇస్తే అతడు గర్వాంధుడు కావచ్చునని 1 తిమోతి 3:6 హెచ్చరిస్తుంది. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయం పైకి కనిపించే కపట వినయాన్ని గూర్చి జాగ్రత్త చెబుతుంది.

క్రైస్తవ వేదాంతంలో

4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో నివసించిన సన్యాసి ఎవాగ్రియస్ మనిషిని బాధించే ఎనిమిది దుష్ట ఆలోచనలను వర్గీకరించాడు. వాటిలో కీర్తికాంక్షను, గర్వాన్ని అతడు వేర్వేరుగా చూపాడు. కీర్తికాంక్ష ఇతరుల మెప్పును కోరుతుంది. గర్వానికి ఆ మెప్పు కూడా అవసరం లేదు. తన మంచికి తానే కారణమని నమ్మి అది దేవుని సహాయాన్నే కాదంటుంది. 590 నుండి 604 వరకు పోపుగా ఉన్న మొదటి గ్రెగరీ గర్వాన్ని ఏడు ప్రధాన పాపాలకు తల్లివేరుగా పేర్కొన్నాడు. దేవుని సేవకులకు సేవకుడు అనే బిరుదును తనకు వాడుకొన్నవాడు కూడా ఈయనే.

అగస్టీను (354-430) మానవుని పతనానికి గర్వమే ఆరంభమని వాదించాడు. 6వ శతాబ్దంలో బెనెడిక్టు తన మఠ నియమావళి 7వ అధ్యాయంలో వినయానికి 12 మెట్లు చెప్పగా, 12వ శతాబ్దంలో క్లేర్వో మఠానికి చెందిన బెర్నార్డు వాటిని తలక్రిందులు చేసి గర్వానికి 12 మెట్లు వివరించాడు. 13వ శతాబ్దపు వేదాంతి తోమా అక్వినాసు ప్రకారం వినయం సత్యానికి లోబడి ఉంటుంది. తనకు గల ప్రతిభను లేదని చెప్పడం వినయం కాదు. అది తనకు ఇవ్వబడినదని గుర్తించడమే వినయం.

ప్రొటెస్టెంటు సంప్రదాయంలో మార్టిన్ లూథరు, మనిషి తన సత్క్రియల మీద నమ్మకం పెట్టుకోవడాన్నే గర్వానికి సూక్ష్మ రూపంగా చూచాడు. దక్షిణాఫ్రికాకు చెందిన ఆండ్రూ మర్రే వినయాన్ని గూర్చి 1895లో ప్రత్యేక గ్రంథం వ్రాశాడు. ఆంగ్ల రచయిత సి.ఎస్. లూయిస్ 1952లో వెలువడిన తన గ్రంథంలో గర్వం స్వభావరీత్యా పోలికమీద ఆధారపడినదని విశ్లేషించాడు. గర్వించేవానికి తన వద్ద ఏదో ఉండడం చాలదు, పక్కవానికంటె ఎక్కువగా ఉండాలి అని ఈ వాదం సారాంశం. తనకంటె తక్కువవాడు ఉంటేనే నిలిచే కులాభిమానాన్ని అర్థం చేసుకోవడానికి ఈ విశ్లేషణ ఉపయోగపడుతుంది.

హిందూ సంప్రదాయంలో అరిషడ్వర్గాలలో ఒకటైన మదము గర్వానికి దగ్గరి భావన. కాబట్టి గర్వం దోషమనే మాట తెలుగువారికి క్రైస్తవం ద్వారా కొత్తగా వచ్చినది కాదు.

గర్వం యొక్క రూపాలు

క్రైస్తవ బోధలో తరచుగా ప్రస్తావించబడే గర్వ రూపాలు ఈ క్రింది విధంగా ఉన్నాయి.

జన్మ గర్వం: కులం, వంశం, జాతి కారణంగా కలిగేది. బాప్తిస్మం తరువాత కూడా ఇది నిలిచి ఉండవచ్చును.
జ్ఞాన గర్వం: చదువు వలన, వేదాంత పాండిత్యం వలన కలిగేది.
భక్తి గర్వం: ఉపవాసం, ప్రార్థన, దానం వంటి వాటిని ఇతరులతో పోల్చుకోవడం. పరిసయ్యుని కథ దీనికి ఉదాహరణ.
పదవీ గర్వం: బోధకునికి, సంఘ పెద్దకు కలిగేది. మత్తయి 23వ అధ్యాయంలో బిరుదుల కోసం, అగ్రస్థానాల కోసం ఆశపడే బోధకులపై విమర్శ ఉన్నది.
సంఖ్యా గర్వం: సంఘ సభ్యుల సంఖ్యను, సభలకు వచ్చిన జనాన్ని, కట్టిన భవనాన్ని చూచుకొని కలిగేది.
కపట వినయం: తాను తక్కువవాడనని పదేపదే చెప్పుకొంటూ పొగడ్తను ఆశించడం. ఇది బయటకు వినయంగా కనిపించడం వలన గుర్తించడం కష్టం.

ఒంగోలు ప్రాంతపు చరిత్ర

నేపథ్యం

సింగరాయకొండ ప్రకాశం జిల్లాలో ఒంగోలుకు దక్షిణంగా సుమారు 30 కి.మీ. దూరంలో, ఒంగోలు - నెల్లూరు రహదారిపైన ఉన్నది. విజయవాడ - గూడూరు రైలుమార్గం కూడా ఈ ఊరి మీదుగా పోతుంది. ఇక్కడి వరాహ లక్ష్మీనరసింహస్వామి ఆలయం ప్రసిద్ధమైనది. 1970లో కొత్త జిల్లా ఏర్పడే వరకు కందుకూరు తాలూకాతోపాటు ఈ ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది. తూర్పున సముద్రతీరం వెంట బకింగ్‌హాం కాలువ ఉన్నది. అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషనుకు 19వ శతాబ్దంలో ముఖ్య కేంద్రాలైన నెల్లూరు, ఒంగోలుల నడుమ ఈ ప్రాంతం ఉన్నది. అందువలన ఈ తీర గ్రామాల క్రైస్తవ చరిత్ర ఒంగోలు చరిత్రతో ముడిపడి ఉన్నది.

స్వల్ప ఆరంభం

ఈ మిషను స్థాపకుడు శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం చేరి, 1840లో నెల్లూరును కేంద్రంగా చేసుకొన్నాడు. 1849లో లైమన్ జ్యూయెట్ ఆయనతో చేరాడు. చాలా సంవత్సరాల వరకు ఫలితం స్వల్పం. 1853లో అమెరికాలో జరిగిన సమావేశంలో ఈ మిషనును మూసివేయాలా అనే చర్చ కూడా జరిగింది. ఆ సందర్భంలో శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ వ్రాసిన గీతం వలన దీనికి ఒంటరి నక్షత్రం అనే పేరు వచ్చింది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జ్యూయెట్ దంపతులు, ముగ్గురు భారతీయ సహచరులు ఒంగోలులోని కొండపై ప్రార్థన చేశారు. ఆ కొండ తరువాత ప్రార్థన కొండగా పేరుపొందినది.

యర్రగుంట్ల పేరయ్య

ఒంగోలు ప్రాంతంలో క్రైస్తవ ఉద్యమానికి ఆద్యుడుగా చెప్పదగినవాడు యర్రగుంట్ల పేరయ్య. ఈయన మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే దైవాన్వేషణలో ఉండి, బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు వద్ద యోగ మార్గాన్ని అభ్యసించాడు. తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. 1866లో జ్యూయెట్ ఆయనకు, ఆయన భార్యకు బాప్తిస్మమిచ్చాడు. ఒంగోలుకు పడమట సుమారు 40 మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడు, దాని చుట్టుపక్కల గ్రామాలు పేరయ్య కార్యక్షేత్రం. మిషనరీలు ఆ గ్రామాలకు చేరకముందే అక్కడ ఆయన బోధ విని విశ్వసించినవారు ఉన్నారు. కాబట్టి ఈ ఉద్యమం విదేశీయుల కృషి ఫలితం మాత్రమే అనుకోవడం సరికాదు.

1866-67 నాటి నిర్ణయం

జాన్ ఎవరెట్ క్లౌ (1836-1910) 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడినది. తొలినాళ్లలో పట్టణంలోని బ్రాహ్మణులు, ఇతర పై కులాలవారు క్లౌ పట్ల ఆదరంగా ఉండి, తమ పిల్లలకు పాఠశాల కావాలని కోరారు. ఇంతలో మాదిగలు సంఘంలో చేరడం మొదలైనది. వారిని చేర్చుకొంటే తాము రాలేమని పై కులాలవారు స్పష్టం చేశారు.

క్లౌ ఎదుట రెండు మార్గాలు ఉన్నాయి. చదువు, పలుకుబడి గలవారిని ముందుగా చేర్చుకొని, వారి ద్వారా క్రిందివారికి చేరవచ్చునన్నది ఒకటి. భారతదేశంలో పలు మిషనులు ఈ ఆశతోనే ఆంగ్ల పాఠశాలలు నడిపాయి. వచ్చినవారిని వచ్చినట్లు చేర్చుకొని, పట్టణంలో మర్యాద పోగొట్టుకోవడం రెండవది. ఈ సందిగ్ధంలో క్లౌ, ఆయన భార్య హారియెట్ వేర్వేరు గదులలో బైబిలు తెరువగా ఇద్దరికీ ఒకే భాగం, అనగా 1 కొరింథీయులకు 1:26-29 కనిపించినదని క్లౌ తరువాత చెప్పాడు. లోకం తృణీకరించినవారిని దేవుడు ఎన్నుకొన్నాడని, ఆయన ఎదుట ఎవరూ అతిశయించే వీలు లేదని ఆ భాగం సారాంశం. మాదిగలను చేర్చుకోవాలనే నిర్ణయం జరిగినది. పై కులాల విద్యార్థులు పాఠశాలకు దూరమయ్యారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడు వద్ద 28 మంది బాప్తిస్మం పొందారు.

ఈ సంఘటనను చరిత్రకారులు సామాజిక దృష్టితోను, భక్తులు దైవ నడిపింపుగాను వివరిస్తారు. వినయం అనే అంశానికి సంబంధించినంతవరకు గమనించదగినది ఒకటి ఉన్నది. ఇక్కడ తగ్గించుకోవలసి వచ్చినది పేరయ్యకు, తాళ్లకొండపాడు ప్రజలకు కాదు. పట్టణ ప్రముఖుల ఆదరణను వదులుకోవలసి వచ్చిన మిషనుకు, తమ జన్మ గర్వాన్ని వదులుకొంటేనే సంఘంలో చేరగల పై కులాలవారికి ఆ పరీక్ష ఎదురైనది.

కరువు, 1878 బాప్తిస్మాలు

1876-78 నాటి మహా కరువు మద్రాసు రాజధానిలోని జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసినది. కరువు పనులలో భాగంగా ప్రభుత్వం బకింగ్‌హాం కాలువను తవ్వించింది. అమెరికాలో భూముల సర్వే పని చేసిన అనుభవం గల క్లౌ ఈ కాలువలో మూడున్నర మైళ్ల భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో వచ్చినవారికి పని కల్పించాడు. మిషను బోధకులే అక్కడ మేస్త్రీలుగా పనిచేశారు. కూలికోసమో, సహాయంకోసమో మతం మారారనే మాట రాకూడదని కరువు కాలంలో చాలా నెలలపాటు బాప్తిస్మాలను నిలిపివేశారు.

1878 జూన్‌లో బాప్తిస్మాలు తిరిగి ఆరంభమయ్యాయి. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒకే రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. బాప్తిస్మమిచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. వీరు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి ఈ పని పూర్తిచేశారు. ఆ సంవత్సరంలో మొత్తం 9,606 మంది చేరారు.

ఈ సంఖ్యలు విదేశాలలో ఎంతో ప్రచారం పొందాయి. ఒకప్పుడు మూసివేయదలచిన మిషను ఇప్పుడు గర్వకారణమైనది. అయితే సంఖ్య పెరిగినంత వేగంగా గ్రామాలలో బడులు, బోధకులు పెరగడం సాధ్యం కాదు. వేలాది కొత్త సభ్యులకు చదువు, శిక్షణ కల్పించడం తరువాతి తరాల మిషనరీలకు, తెలుగు బోధకులకు బరువైన బాధ్యతగా పరిణమించినది. పైన చెప్పిన సంఖ్యా గర్వాన్ని గూర్చిన హెచ్చరికను ఈ నేపథ్యంలో అర్థం చేసుకోవచ్చును.

ఆత్మగౌరవం, గర్వం

బాప్తిస్మం పొందినవారు ఆదివారం పని చేయరాదని, చచ్చిన పశువుల మాంసం తినరాదని, విగ్రహారాధనలో పాల్గొనరాదని మిషను నియమాలు విధించింది. దీనితో మాదిగలు గ్రామ జాతరలలో డప్పు కొట్టడం మానారు. గ్రామ వ్యవస్థలో ఇది వారు తరతరాలుగా చేయవలసిన పని. దీనిని మానడం గ్రామ పెద్దలకు ధిక్కారంగా కనిపించినది. కొన్ని గ్రామాలలో క్రైస్తవులకు పనులు, నీరు నిరాకరించబడ్డాయి.

ఇక్కడ ఒకే చర్యకు రెండు పేర్లు వచ్చాయి. చేసినవారికి అది విశ్వాసం, ఆత్మగౌరవం. చూచినవారికి అది పొగరు. ఇతరులను తక్కువ చేయాలనే కోరిక లేకుండా తనకు గల మానవ మర్యాదను నిలుపుకోవడం గర్వం కాదని క్రైస్తవ వేదాంతం అంగీకరిస్తుంది. ఎందుకనగా మనుషులందరు దేవుని స్వరూపంలో సృష్టించబడ్డారని ఆదికాండము 1వ అధ్యాయం చెబుతుంది. మరొకవైపు ఈ నియమాలను విధించిన మిషనరీలు స్థానిక సంస్కృతిని, డప్పు వంటి కళను తక్కువగా చూచారనే విమర్శ కూడా ఉన్నది.

పేరయ్య జీవితాన్ని, ఆ కాలపు మాదిగ క్రైస్తవుల అనుభవాలను క్లౌ రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన ఆంగ్ల గ్రంథంలో నమోదు చేశారు.

ఇతర తెలుగు ఉదాహరణలు

వి.ఎస్. అజరయ్య (1874-1945): తమిళనాడులో జన్మించి, తెలుగు గ్రామాలలో సేవ చేసినవాడు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడుతూ, విదేశీ మిషనరీలు త్యాగం చేస్తున్నారు గాని భారతీయ క్రైస్తవులతో సమాన స్నేహం చేయడం లేదని విమర్శించాడు. త్యాగంతోపాటే ఆధిక్యభావం కూడా ఉండవచ్చునని ఈ ప్రసంగం చూపినది. 1912లో ఆయన దోర్నకల్ బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఈయన.

భక్తసింగ్ (1903-2000): పంజాబులో జన్మించిన ఈయన 1941లో మద్రాసులో స్వతంత్ర సంఘాన్ని ప్రారంభించాడు. తరువాత హైదరాబాదులోని హెబ్రోను ఆయన ఉద్యమానికి కేంద్రమైనది. ఈ సంఘాలలో అందరూ నేలపై పరచిన చాపలమీద కూర్చోవడం, ఆరాధన తరువాత ప్రేమ విందులో కులభేదం లేకుండా కలిసి భోజనం చేయడం ఆచారం. బోధలో చెప్పే వినయాన్ని కూర్చునే తీరులోను, భోజనపు పంక్తిలోను అమలు చేసే ప్రయత్నంగా దీనిని పేర్కొనవచ్చును.

గుర్రం జాషువా (1895-1971): వినుకొండలో జన్మించిన మహాకవి. 1941లో వెలువడిన గబ్బిలం కావ్యంలో అంటరానితనపు అవమానాన్ని చిత్రించాడు. క్రీస్తు చరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. అవమానాన్ని వినయంగా భరించడం గాక దానిని ప్రశ్నించడం ఆయన మార్గం.

విమర్శలు

వినయాన్ని గూర్చిన క్రైస్తవ బోధపై పలు విమర్శలు కలవు. 19వ శతాబ్దపు జర్మన్ తత్వవేత్త నీషే దీనిని బలహీనులు తమ నిస్సహాయతకు పెట్టుకొన్న అందమైన పేరుగా విమర్శించాడు. 1960లో వెలువడిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో అమెరికా రచయిత్రి వాలెరీ సేవింగ్, గర్వమే ప్రధాన పాపమనే సిద్ధాంతం పురుషుల అనుభవం నుండి పుట్టినదని, తన్ను తాను పూర్తిగా మరచిపోయి ఇతరులకోసమే బ్రతికే స్త్రీలకు అదే బోధ హాని చేయగలదని వాదించింది.

1980వ దశకం నుండి భారతదేశంలో రూపుదిద్దుకొన్న దళిత వేదాంతం ఇటువంటి ప్రశ్ననే కులం విషయంలో వేసింది. తరతరాలుగా వంగి నడిచినవానికి ఇంకా వంగమని చెప్పడం సువార్త కాదని, అతనిని నిలబెట్టడమే సువార్త అని ఈ వేదాంతుల వాదన. ప్రకాశం జిల్లాలోని (2022 నుండి బాపట్ల జిల్లా) కారంచేడులో 1985 జూలై 17న ఆధిపత్య కులస్థుల దాడిలో ఆరుగురు దళితులు మరణించారు. త్రాగునీటి చెరువును మురికి చేయడాన్ని ఒక దళిత యువకుడు ప్రశ్నించగా, ఒక దళిత మహిళ ఎదురునిలువగా ఈ వివాదం మొదలైనది. అణగి ఉండకపోవడమే నేరమైన ఈ ఘటన, లోబడి ఉండడాన్ని వినయమనే పేరుతో పిలవడంలోని ప్రమాదాన్ని తెలుపుతుంది.

సంఘాల లోపల కూడా కులభేదాలు పూర్తిగా పోలేదు. మాల, మాదిగ సంఘాలు వేర్వేరుగా ఉండడం, వివాహాలు కులంలోనే జరగడం తెలుగు ప్రాంతాలలో కనిపించే విషయాలు. జన్మ గర్వం పై కులాలకు మాత్రమే పరిమితం కాదని ఇది తెలియజేస్తుంది.

ఆచరణలో

వినయాన్ని అలవరచుకోవడానికి క్రైస్తవ సంప్రదాయం కొన్ని ఆచారాలను ఏర్పరచినది. పరిశుద్ధ గురువారంనాడు పాదాలు కడిగే ఆచారం కాథలిక్ సంఘంలోను, మరికొన్ని సంఘాలలోను ఉన్నది. ఈ ఆచారంలో స్త్రీల పాదాలు కూడా కడగవచ్చునని 2016లో పోపు ఫ్రాన్సిస్ అధికారికంగా అనుమతించాడు. పాపపు ఒప్పుకోలు, రహస్య దానం, మధ్యస్థ ప్రార్థన, ఇతరుల తప్పులను క్షమించడం కూడా ఇందుకు సాధనాలే.

తెలుగు సంఘాలలో బోధకులు ఈ విషయంపై మాట్లాడేటప్పుడు సాధారణంగా వ్యక్తిగత ప్రవర్తనను ప్రస్తావిస్తారు. వేదికపై కుర్చీల కోసం పోటీ, పేరుకు ముందు బిరుదులు, నిలువెత్తు ఫ్లెక్సీలు, సంఘ పదవుల కోసం తగాదాలు ఇందులో భాగం. ఇవి గమనించవలసినవే. అయితే ఒంగోలు చరిత్ర మరొక పరీక్షను కూడా సూచిస్తుంది. ఒక సంఘంలో వినయం ఉన్నదా లేదా అనేది పెద్దలు ఎంత మృదువుగా మాట్లాడతారు అనే దానికంటె, ఆ సంఘంలో అందరికంటె తక్కువగా ఎంచబడేవాడు ఎక్కడ కూర్చుంటాడు, ఎవరితో కలిసి తింటాడు, అతని మాటకు విలువ ఉన్నదా అనే దానిని బట్టి తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

అరిషడ్వర్గాలు
ఏడు ప్రధాన పాపాలు
ఒంగోలు
కారంచేడు
గబ్బిలం (కావ్యం)
గుర్రం జాషువా
బకింగ్‌హాం కాలువ
సింగరాయకొండ